క్రేన్ మీది మనిషికి రాసిన మందు

సత్యారావు బీపీ మందులు మానేశాడని ఎవరైనా అంటే అతను ఒప్పుకునేవాడు కాదు. అతని లెక్కలో మానలేదు. రెండు మాత్రల్లో ఒకదాన్ని డ్యూటీ ఉన్న రోజు పక్కన పెట్టేవాడు, అంతే. సెలవు రోజున రెండూ వేసుకునేవాడు.

భిలాయి ప్లాంట్‌లో, ఉక్కు కరిగించే షాపులో అతను క్రేన్ ఆపరేటరు. నేల మీద నిలబడి చూస్తే అతని క్యాబిన్ షెడ్డు కప్పు కింద అంటించిన అగ్గిపెట్టెలా కనిపిస్తుంది. నిటారు ఇనప నిచ్చెన ఎక్కి, పట్టాల పక్కనున్న సన్నటి నడవ మీదుగా వెళ్ళి అందులో కూర్చుంటే, రిలీవర్ వచ్చేదాకా దిగడమన్నది ఉండదు. కింద లేడిల్ అనే పెద్ద కుండలో కరిగిన ఉక్కు నిండుతుంది. దాన్ని హుక్కులకు తగిలించుకుని, మనుషుల పక్కగా తీసుకుపోయి, అచ్చుల మీద నిలపాలి. కింద సిగ్నల్ ఇచ్చేవాడు చెయ్యి కదిపితే బెత్తెడు ముందుకి పోవాలి, పిడికిలి బిగిస్తే ఆగాలి. పోత మొదలైతే అయ్యేదాకా క్రేన్ అక్కడే ఉండాలి. ఒక మనిషికి ఒంటేలుకి వచ్చిందని ఉక్కు ఆగదు.

ఈ పని అతనికి నేర్పినవాడు గురునాథరావు. సత్యారావు భార్య ఛాయకి స్వయానా అన్న, అతనికి బావ. బొబ్బిలి పక్క ఊరి నుంచి సత్యారావుని తీసుకొచ్చి, ప్లాంట్‌లో చేరడానికి వెంట తిరిగి, చెల్లెల్నిచ్చి పెళ్ళి చేసింది కూడా ఆయనే. బీపీ ఉందని తేలాక ఆయన్ని క్రేన్ మీద నుంచి దింపి స్టోర్సులో కూర్చోబెట్టారు. స్టోర్సులో ఆయన బాగానే ఉన్నాడనిపించేది. మందులు వాడుతున్నాడనే అందరూ అనుకున్నారు. పోయిన ఏడాది వినాయక చవితి వెళ్ళాక, ఖుర్సీపార్‌లో తన ఇంటి ముందు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒక పక్కకి ఒరిగాడు. మెదడులో నరం చిట్లిందన్నారు. మళ్ళీ మాట్లాడలేదు. ఆ వారంలోనే పోయాడు.

ఛాయ సెక్టర్ 4 స్కూల్లో టీచరు. అన్న కర్మలు అయిన మర్నాడే బడికి వెళ్ళింది. ఆమె ఏడవడం సత్యారావు కూడా సరిగ్గా చూడలేదు. మాటలు తగ్గిపోయాయి. ఆదివారం సాయంత్రం ఖుర్సీపార్ వెళ్ళి అన్నని చూసి రావడం ఆమెకి అలవాటు. ఇప్పుడు కూడా ఆ వేళకి చీర మార్చుకుని గుమ్మం దాకా వచ్చేది. చెప్పుల వైపు చూసి, తొడుక్కోకుండానే లోపలికి వెళ్ళిపోయేది. ఎందుకు మార్చుకున్నావని ఇంట్లో ఎవరూ అడిగేవారు కాదు.

ఒక రోజు బడి నుంచి వచ్చి సంచీ దించకుండానే అంది. "రేపు మీకు సెలవు కదా. ఆస్పత్రికి వెళ్దాం. మీకూ చూపిద్దాం."

"నాకేటయింది ఇప్పుడు?"

"ఏటీ అవలేదనే చూపిద్దాం."

ప్లాంట్ ఆస్పత్రిలో డాక్టర్ డేవిడ్‌రాజ్ గుంటూరు వైపు మనిషి. చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, రెండుసార్లు చూశాడు. నూట డెబ్బై ఆరు, నూట నాలుగు. రెండు మాత్రలు రాశాడు. ఒకటి బీపీకి. రెండోది ఒంట్లో ఎక్కువైన ఉప్పునీ నీటినీ తోసేసేది. రెండూ బీపీ మందులే, రెండూ రోజూ వేసుకోవాలని చెప్పాడు. సత్యారావు చెవికి మాత్రం మొదటిది బీపీ మాత్రగానూ రెండోది నీటి మాత్రగానూ చేరాయి.

మొదటివారం రెండూ వేసుకునే ఎక్కాడు. ఒక పొద్దున, హుక్కుల మీద నిండు లేడిల్ ఉండగా ఒంటేలుకి వచ్చింది. ఆపుకోవడం అతనికి కొత్త కాదు గానీ ఇది వేరే రకం. కడుపు కింద ఎవరో కూర్చుని నొక్కుతున్నట్టుంది. కింద ఎర్రటి వెలుగులో సిగ్నల్ ఇచ్చే కుర్రాడి చెయ్యి కదులుతోంది. సత్యారావు దాన్ని చూస్తున్నాడు, కానీ అరక్షణం ఆలస్యంగా చూస్తున్నాడు. లేడిల్ చిన్నగా ఊగింది. కుర్రాడు రెండడుగులు వెనక్కి వేశాడు. ఏమీ జరగలేదు. రిలీవర్ నూకరాజు వచ్చాక సత్యారావు గబగబా నిచ్చెన దిగి తిన్నగా మరుగుదొడ్డికి పరుగెత్తాడు.

ఆ సంగతి ఎవరితో అన్నా ఒక్కటే జవాబు వస్తుంది. బీపీ మనిషి, మందుల మనిషి, క్రేన్ మీద ఎందుకు, దింపేయండి అంటారు. బావని అలాగే దింపారు. మర్నాటి నుంచి డ్యూటీకి వెళ్ళే రోజు నీటి మాత్ర వేసుకోలేదు. చూసేవాళ్ళు కూడా లేరు. ఛాయ బడి పొద్దున్నే, అతను బయల్దేరే వేళకి ఆమె కూడా తొందరలో ఉండేది. "వేసుకున్నారా?" అని అడిగేది. "ఆఁ" అనేవాడు. ఒకటి వేసుకున్నాడు కాబట్టి అది పూర్తిగా అబద్ధం కాదనుకున్నాడు.

నెల తర్వాత చూపిస్తే బీపీ దిగలేదు.

"రెండూ రోజూ వేసుకుంటున్నారా?" అన్నాడు డాక్టరు.

"ఏసుకుంటున్నానండి."

"ఒక్కరోజు కూడా తప్పకుండా?"

"తప్పకుండానండి."

డాక్టరు మందు మార్చాడు. ఈసారి ఒకటే మాత్ర. రెండు మందులు కలిపి ఒకే బిళ్ళగా చేసింది. ఒక మందు రక్తనాళాలని వదులు చేస్తుంది, ఇంకొకటి పాత నీటి మందే. "ఇది మొదలుపెట్టాక ఇంట్లో మిగిలిన పాతవి రెండూ వేసుకోకూడదు. వేసుకుంటే డోసు రెట్టింపవుతుంది. వాటిని కౌంటర్లో ఇచ్చేయండి. లేచేటప్పుడు మెల్లిగా లేవండి. వాంతులు, విరేచనాలు అయితే నాకు చెప్పండి. ఒళ్ళు నొప్పులని మందుల షాపులో బిళ్ళలు కొనుక్కుని మింగకండి, కొన్ని ఈ మందుకి పడవు. రెండు వారాల్లో రక్తపరీక్ష."

ఛాయ అన్నీ మనసులో పెట్టుకుంది. ఇంటికి రాగానే పాత మాత్రలన్నీ ఏరి ఒక కవర్లో కట్టి మర్నాడే ఆస్పత్రిలో ఇచ్చి వచ్చింది. సత్యారావు మనసులో పడిందొక్కటే. రెండూ ఒకటైపోయాయి, ఇక విడదీయడానికి లేదు.

షాపు క్యాంటీన్లో నూకరాజు ముందు ఆ మాత్ర పెట్టాడు. నూకరాజు అతని కంటే చిన్నవాడు. అతనికీ బీపీ ఉంది, అతనికీ రెండు మాత్రలున్నాయి. డ్యూటీకి నీటి మాత్ర వేసుకోకపోవడం అతనికీ మామూలే. క్రేన్ వాళ్ళలో ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా అలాగే చేసేవారు. దాన్ని తప్పని ఎవరూ అనుకోలేదు. ఎక్కేముందు టీ తాగకపోవడం లాంటిదే అది కూడా.

"ఒకటే అయిపోనాదేటన్నా? మరి నీళ్ళది ఎలా తీస్తావు?" అన్నాడు నూకరాజు.

"అదే తెలవట్లేదు."

"బ్లేడుతో మజ్జికి కొయ్యి. ఒక పక్క బీపీ ఉంటాది, ఒక పక్క నీళ్ళు."

"ఏ పక్క ఏదో ఎలా తెలుస్తాదిరా?"

నూకరాజు మాత్రని వెలుగుకి పెట్టి అటూ ఇటూ తిప్పాడు. "రెండు రంగులెయ్యాల్సింది. ఈ మందులు చేసీవోళ్ళ ఇళ్ళల్లో క్రేన్ మీద పని చేసీవోడు ఒక్కడూ లేడు గావాల."

అయినా సత్యారావు కోసి చూశాడు. ఒక రోజు ఒక సగం, ఇంకో రోజు రెండో సగం. రెండు రోజులూ ఒకేలా వచ్చింది. టీలో చక్కెర కలిసినట్టు కలిసిపోయి ఉంటుందని అప్పుడు అర్థమైంది. దాంతో డ్యూటీ రోజుల్లో ఆ మాత్ర పూర్తిగా పక్కన పెట్టాడు. ఇదివరకు సగం మందైనా ఒంట్లో పడేది. ఇప్పుడు వారానికి ఒక్క సెలవు రోజు తప్ప ఏమీ పడటం లేదు. తల బరువుగా ఉండేది. మెడ వెనక పట్టేసేది. మందు తన ఒంటికి సరిపడలేదనుకున్నాడే గానీ మందు వేసుకోవడం లేదని అనుకోలేదు. మనిషి తనతో తాను చెప్పుకునే మాటలు అలాగే ఉంటాయి.

ఫిబ్రవరిలో డాక్టరు ఆ మాత్రలోనే ఎక్కువ డోసుది రాశాడు. ఏప్రిల్‌లో దానికి తోడు ఇంకో మందు కలిపాడు. అప్పటికి బీపీ నూట ఎనభై దాటింది. డాక్టరు పట్టీ విప్పి పక్కన పెట్టాడు.

"సత్యారావు గారూ, మూడు మందులకి కూడా లొంగని బీపీ అంటే మామూలు విషయం కాదు. జూన్ మొదట్లో రండి. అప్పటికీ ఇలాగే ఉంటే క్రేన్‌కి ఫిట్ అని నేను సంతకం పెట్టలేను."

బయట వరండాలో ఛాయ అంది, "నాకు బడి సెలవులు. మీరూ సెలవు పెట్టండి. నేను దగ్గరుండి చూస్తాను."

అతనికీ అదే తోచింది. క్రేన్ ఎక్కకపోతే మాత్ర వేసుకోవడానికి అడ్డేముంది? మే నెలంతా సరిగ్గా వేసుకుంటే జూన్ నాటికి బీపీ దిగుతుంది, డాక్టరు సంతకం పెడతాడు, మళ్ళీ ఎక్కొచ్చు. ఎక్కాక ఏం చేస్తాడన్నది ఆలోచించలేదు.

ఆ ఎండాకాలం భిలాయిలో పొద్దున తొమ్మిదికే రోడ్డు తారు మెత్తబడేది. వాళ్ళుండే సెక్టర్ 7 క్వార్టర్లన్నీ కిటికీలు మూసి, కూలర్లు పెట్టుకుని పడుకునేవి. పొద్దున ఇడ్లీ అవగానే ఛాయ ఒక స్టీలు గిన్నెలో మాత్రలు, గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఎదురుగా నిలబడేది.

"మింగారా?"

"మింగేను."

"నోరు చూపించండి."

కూతురు అమ్ము డిగ్రీ రెండో సంవత్సరం. పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి తెలుగులో మొదలుపెట్టి హిందీలో తేలేది. "మమ్మీ, పప్పాని బెంచీ ఎక్కించు. పప్పా, నోరు ఆఁ కరో... జోర్ సే."

"నీకూ టీచర్ బుద్ధులొచ్చీసినాయి," అని సత్యారావు నోరు తెరిచేవాడు. ఛాయ నవ్వేది కాదు గానీ, గిన్నె తీసుకుని వెనక్కి తిరిగేటప్పుడు ఆమె నడక తేలిగ్గా ఉండేది. అన్న పోయాక ఆ ఇంట్లో ఆమె మనసు పెట్టి చేసిన పని అదొక్కటే అనిపించింది అతనికి.

నాలుగైదు రోజులకి తలబరువు పోయింది. ఇంకో రెండు రోజులకి తల మరీ తేలికైంది. మంచం మీద నుంచి లేస్తే గోడలు ఒకసారి పక్కకి జరిగి మళ్ళీ వచ్చి నిలబడేవి. బీపీ దిగుతోందని సంతోషించాడు. ఛాయకి చెప్పలేదు. చెబితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది, డాక్టరు మందు తగ్గిస్తాడు, జూన్‌కి మళ్ళీ పెరుగుతుంది. ఇంత దాకా వచ్చాక ఎందుకని ఊరుకున్నాడు. చెమట ఏరులా పోతున్నా నీళ్ళు అంతగా తాగేవాడు కాదు. క్యాబిన్‌లో ఇన్నేళ్ళు కూర్చున్నవాడికి దాహాన్ని పట్టించుకోకపోవడం ఒంటికి అలవాటైపోయింది.

ఒక సాయంత్రం కూలర్లో నీళ్ళు పోయడానికి పెరట్లో కుళాయి దగ్గర బకెట్టు నింపి, వంగి ఎత్తాడు. లేవడం గుర్తుంది. తర్వాత గుర్తున్నది సిమెంటు గట్టు చల్లదనం, పక్కన దొర్లుతున్న బకెట్టు, అమ్ము గొంతు.

"పప్పా, క్యా హువా? మమ్మీ, పప్పా పడిపోయారు, ఖూన్ వస్తోంది."

కనుబొమ్మ చీరుకుపోయింది. ఛాయ కొంగుతో అదిమి పట్టుకుంది. ఆటోలో ఆస్పత్రి దాకా ఆ చెయ్యి తీయలేదు. అత్యవసర విభాగంలో బీపీ ఎనభై నాలుగు, యాభై. కుట్లు వేసి, సెలైన్ పెట్టి, ఆ రాత్రికి వార్డులో ఉంచారు.

పొద్దున డాక్టర్ డేవిడ్‌రాజ్ వచ్చేసరికి ఛాయ మంచం పక్కన స్టూలు మీద అలాగే కూర్చుని ఉంది. కొంగు మీద నెత్తురు ఎండి నల్లబడింది. డాక్టరు కాగితాలన్నీ తిరగేశాడు. రక్తపరీక్షలో కిడ్నీల మీద కాస్త ఒత్తిడి కనిపిస్తోందని, ఎండా, చెమటా, మందూ మూడూ కలిసి చేసిన పని అయి ఉంటుందని అన్నాడు. అయినా అతనికి ఏదో అర్థం కానట్టే ఉంది.

"ఏప్రిల్ దాకా దేనికీ లొంగని బీపీ. ఇప్పుడు చూస్తే అడుక్కి పడిపోయింది."

ఛాయ లేచి నిలబడింది. "నేనే వేయించానండి. రోజూ ఎదురుగా నిలబడి మింగించాను. కళ్ళు తిరుగుతున్నాయేమో అడగాల్సింది. మీరు ముందే చెప్పారు, మెల్లిగా లేవాలని. అడగలేదు."

"మీ తప్పేం లేదమ్మా. నేను రాసిందే కదా వేశారు. ఒక మందు తీసేస్తాను, ఇంకోదాని డోసు తగ్గిస్తాను. నెలలో చూద్దాం. ఇంతగా దిగే బీపీ అయితే మనకి భయం లేదు. సత్యారావు గారు మళ్ళీ క్రేన్ ఎక్కొచ్చు."

ఎక్కొచ్చు. తనకి కావలసిన మాట అదే. దాని కోసమే ఇదంతా. ఇప్పుడు ఊరుకుంటే చాలు, ఇంకేమీ చెయ్యనక్కర్లేదు. జూన్‌లో నిచ్చెన ఎక్కుతాడు. ఎక్కిన రోజు మాత్ర వేసుకోడు. బీపీ పెరుగుతుంది, డాక్టరు మళ్ళీ మందు పెంచుతాడు. లేదా వేసుకుని ఎక్కుతాడు, ఏదో ఒక పొద్దున హుక్కుల మీద నిండు లేడిల్ ఉండగా గోడలు పక్కకి జరుగుతాయి. సిగ్నల్ ఇచ్చే కుర్రాడు వెనక్కి వేసిన ఆ రెండడుగులు కళ్ళ ముందు కనిపించాయి.

ఛాయ వైపు చూశాడు. ఆమె డాక్టరు మాటలు వినడం లేదు. తన అరచేతుల్ని చూసుకుంటోంది. అన్న పోయిన రోజు ఆస్పత్రి వరండాలో కూడా అలాగే చూసుకుంది.

"డాక్టర్‌గారూ," అన్నాడు సత్యారావు. "డ్యూటీ రోజుల్లో నాను మాత్ర ఏసుకోలేదండి."

డాక్టరు రాయడం ఆపాడు. "ఏ మాత్ర?"

"మొదట నీళ్ళది. మీరు రెండూ కలిపీసినాక, ఏదీ ఏసుకోలేదు. సెలవు రోజే."

"ఎప్పటినుంచి?"

"మొదటినుంచీనండి."

చెప్పడం మొదలుపెట్టాక అంతా చెప్పేశాడు. నిచ్చెన, క్యాబిన్, పోత మధ్యలో దిగడానికి లేకపోవడం, లేడిల్ ఊగడం, బ్లేడుతో కోయడం కూడా. పక్క మంచం మీది ముసలాయన కళ్ళు మూసుకునే వింటున్నాడు. బ్లేడు దగ్గరికి వచ్చేసరికి ఆయన పొట్ట నవ్వుకి కదిలింది.

డాక్టరు నవ్వలేదు, కోప్పడలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"రోజూ తప్పకుండా వేసుకుంటున్నానని నాతో ఒక మనిషి చెప్పాడు. ఆ మనిషికి చాలడం లేదని నేను మందు పెంచుకుంటూ పోయాను. ఆ మనిషి ఎక్కడా లేడు, మందు మాత్రం మీ ఇంటికి వచ్చింది. సెలవుల్లో మీరు ఒక్కసారిగా ఆ మనిషైపోయారు. పడిపోక ఏమవుతారు? మీ ఆవిడ సరిగ్గానే వేశారు. అసలు ఇంతమందిలో సరిగ్గా చేసింది ఆవిడే."

సత్యారావు తల వంచుకున్నాడు.

"రెండు మందులు కలిపితే తప్పకుండా నీటి మందు ఉండాలని లేదండీ," అన్నాడు డాక్టరు. "వేరే జతలున్నాయి. క్రేన్ మీద ఒంటేలుకి దిగడానికి లేదని మొదటి నెలలోనే ఒక్క ముక్క చెప్పుంటే ఇంకో రకం రాసేవాణ్ణి. సగం కోసినా రెండు మందులూ సగం సగం పోతాయి, ఒకటి పోయి ఒకటి మిగలదు. ఇప్పుడు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. తక్కువ డోసుతో, మెల్లిగా. మీకు మీరుగా ఏదీ ఆపొద్దు, ఏదీ పెంచొద్దు. పడకపోతే నా దగ్గరికి రండి."

"మరి క్రేన్..."

"ఇప్పుడు సంతకం పెట్టను. కొన్ని నెలలు నిలకడగా ఉంటే అప్పుడు చూద్దాం. మాట మాత్రం ఇవ్వలేను."

 ఇంటికి వచ్చాక ఛాయ రెండు రోజులు అవసరమైన మాటలే మాట్లాడింది. అన్నం పెట్టింది, కుట్ల దగ్గర తడి తగలకుండా చూసింది. కొత్త మాత్ర గిన్నెలో పెట్టి ఇచ్చింది. ఎదురుగా నిలబడలేదు, నోరు చూపించమనలేదు. అది అతనికి దెబ్బ కంటే ఎక్కువ నొప్పిగా ఉంది.

మూడో రోజు ఆరిన బట్టలు మడత పెడుతూ అడిగింది. "అన్నయ్య కూడా ఇలాగే చేసేవాడా? స్టోర్సులోకి రాకముందు?"

సత్యారావుకి ఏ జవాబు చెబితే ఆమెకి తేలికవుతుందో తెలియలేదు. అందుకని ఉన్నదే చెప్పాడు.

"తెలీదు ఛాయా. మందుల మాట మేవెప్పుడూ అనుకోలేదు."

"అంత కలిసి తిరిగారు కదా. మీరు కూడా అడగలేదా?"

"లేదు."

ఆమె చేతిలో ఉన్న తువ్వాలు మడత విప్పి, మళ్ళీ పెట్టింది. "ఇద్దరం అడగలేదన్నమాట," అంది. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ ఆదివారం సాయంత్రం చీర మార్చుకుని గుమ్మం దాకా వచ్చి, చెప్పులు తొడుక్కుంది. అన్న ఇంట్లో ఉన్న వదినని చూసి రావడానికి ఇద్దరూ ఖుర్సీపార్ వెళ్ళారు.

జూన్ చివర్లో సత్యారావు డ్యూటీలో చేరితే సిగ్నల్ ఇచ్చే పని వేశారు. ఇన్నేళ్ళూ పైనుంచి చూసిన చెయ్యి స్థానంలో ఇప్పుడు తన చెయ్యి ఉంది. పైన తన సీట్లో నూకరాజు. కింద నుంచి చూస్తే లేడిల్ అంత పెద్దదని అతనికి అప్పుడే తెలిసింది. వేడికి చొక్కా ముందు భాగం కరకరలాడేది. పాత స్నేహితులు పలకరించేవారు. "ఏటి గురూ, నేల మీదకి దిగొచ్చీసినావు? ఆకాశంలో మేం కనిపించీవోళ్ళం కాదు గదా." అతను నవ్వేసేవాడు. షిఫ్టు మధ్యలో నాలుగడుగులు వేసి పని కానిచ్చుకుని వస్తున్నప్పుడు మాత్రం, ఇంత చిన్న విషయమా అనిపించేది. ఆ వెంటనే తల ఎత్తి, పైన నూకరాజు ఉన్న క్యాబిన్‌ని చూసేవాడు. 

ఒక రోజు షిఫ్టు మారేటప్పుడు నూకరాజుని నిచ్చెన మొదట్లో ఆపాడు.

"నీటి మాత్ర ఏసుకున్నావేటిరా?"

"డ్యూటీ రోజు ఎవుడేసుకుంటాడన్నా?"

"డాక్టరు దగ్గరికెళ్ళి ఉన్న సంగతి చెప్పు. మార్చాలంటే ఆయనే మారుస్తాడు."

నూకరాజు మొహం ముడుచుకున్నాడు. "నువ్వు చెప్పీసి కిందికొచ్చినావు. నీ క్యాబిన్‌లో నానున్నానని నన్ను కూడా దింపీసి పక్కన నిలబెట్టుకుంటావేటి?"

"నీ కళ్ళు తిరిగితే ఆ లేడిల్ పక్కన ఉండీవోడిని నానేరా."

నూకరాజు నిచ్చెన ఎక్కిపోయాడు. సత్యారావు ఫోర్‌మన్ తివారీ సాబ్‌తో చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. కానీ చెబితే నూకరాజు దిగుతాడేమో గానీ మాత్ర వేసుకోడు. మిగతా క్రేన్ల వాళ్ళు కూడా ఇంకెప్పుడూ నోరు విప్పరు. అందుకని చెప్పలేదు. ఎదురుపడినప్పుడల్లా అదే మాట అడిగేవాడు. నూకరాజు అతను కనిపిస్తే వేరే వైపు నుంచి వెళ్ళి నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాడు. మంగళవారం తను ఓపీకి వెళ్తున్నానని, ఇద్దరం కలిసి వెళ్దామని కబురు చేస్తే రాలేదు. ఇంకో వారం కూడా రాలేదు. ఆ పై వారం ఒక్కడే వెళ్ళాడని ఆస్పత్రి కౌంటర్ దగ్గర చూసినవాళ్ళు చెప్పారు. ఏం జరిగిందో నూకరాజు చెప్పలేదు, సత్యారావు అడగలేదు.

వానలు పట్టాయి. ఒక మధ్యాహ్నం కొలిమి తెరిచి లేడిల్‌లోకి ఉక్కు వదలడానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. హుక్కులు ఖాళీగా వేలాడుతున్నాయి. పైన క్రేన్ గంట మోగింది. క్యాబిన్ తలుపు తెరుచుకుంది. నూకరాజు నడవ మీదుగా వచ్చి నిచ్చెన దిగడం మొదలుపెట్టాడు. షాపులో ఉన్నవాళ్ళంతా తలలెత్తి చూశారు. షిఫ్టు మధ్యలో క్రేన్ మీద నుంచి మనిషి దిగడం ఎవరూ చూసి ఎరగరు.

తివారీ సాబ్ టోపీ వెనక్కి తోసుకుంటూ వచ్చాడు. "క్యా హువా రే? క్రేన్ ఖరాబ్ హై క్యా?"

"నహీ సాబ్," అన్నాడు సత్యారావు, సంగతి పట్టేసి. "దవాయీ ఖాయా హై. పాంచ్ మినిట్."

"దవాయీ? తో ఉతర్‌నే కా క్యా మత్‌లబ్?"

మందు వేసుకుంటే దిగడమెందుకో ఎవరో పక్కనుంచి వివరించారు. నవ్వులు లేచాయి. ఒకడు ఈల కూడా వేశాడు. నూకరాజు ఎవరి వైపూ చూడకుండా నేల మీద కాలు పెట్టి, సత్యారావు పక్క నుంచి గబగబా పోతూ అన్నాడు.

"నాది మార్చలేదన్నా ఆ డాక్టరు. నీకిదే పడతాది, ఏసుకో, వస్తే మజ్జిలో దిగు అన్నాడు. దిగనియ్యమని చీటీ రాసిచ్చినాడు గానీ సాబ్‌కి చూపించడానికి సిగ్గేసింది."

కొలిమి దగ్గరి నుంచి, తెరవొచ్చా అని కేక వచ్చింది. సత్యారావు రెండు చేతులూ తలకి పైగా ఎత్తి అడ్డంగా కలిపి పట్టుకున్నాడు. కొలిమి వాళ్ళకి దానికి ఆగమనే అర్థం. తివారీ సాబ్ అతని వైపు చూసి, గడియారం చూసుకుని పక్కకి జరిగాడు. నూకరాజు తిరిగి వచ్చి, నిచ్చెన ఎక్కి, నడవ దాటి, తలుపు వేసుకుని, గంట కొట్టేదాకా సత్యారావు ఆ చేతులు దించలేదు.